నకిలీ యాంటీవైరస్ ఇంటి కంప్యూటర్‌లో చేరితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరుగుపొరుగువారు, బంధువులు తెచ్చిపెట్టే కంప్యూటర్లను చాలా ఏళ్లుగా బాగుచేస్తున్నాను. వాటిలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది నకిలీ యాంటీవైరస్. మామూలు వైరస్ మన కన్నుగప్పి లోపలికి వస్తుంది. ఇది మనల్ని భయపెట్టి మన చేతనే తలుపు తీయిస్తుంది, పైగా డబ్బు కూడా కట్టించుకుంటుంది. కింది ప్రశ్నలన్నీ అలా కంప్యూటర్ తెచ్చినవారు నన్ను అడిగినవే. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి విండోస్ 10, 11 కాబట్టి వాటినే దృష్టిలో పెట్టుకుని రాశాను. ఈ క్షణంలో మీ తెర మీద హెచ్చరిక కనిపిస్తూ ఉంటే మొదటి జవాబు చదివి, ఆ పని చేసి, తర్వాత మిగతావి చదవండి.

తెరంతా హెచ్చరికలతో నిండిపోయింది, సైరన్ మోగుతోంది. ఈ నిమిషంలో ఏం చేయాలి?

ముందు స్పీకరు శబ్దం తగ్గించండి. మిమ్మల్ని ఆలోచించుకోనివ్వకుండా చేయడానికే ఆ సైరన్. తెర మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయవద్దు. 'స్కాన్', 'ఫిక్స్ నౌ', 'క్యాన్సిల్' వంటి ఏ బటన్‌నూ నొక్కవద్దు. మూలన కనిపించే ఇంటూ గుర్తు కూడా చాలాసార్లు ఉత్త బొమ్మే. దాన్ని నొక్కినా వాళ్లు కోరుకున్నదే జరుగుతుంది.

ఎస్కేప్ మీటను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. లేదా ఎఫ్11 నొక్కండి. తెర నిండా పరుచుకున్న పేజీ చిన్నదవుతుంది, అప్పుడు ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి బ్రౌజర్‌ను మూసేయండి. అది కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో క్రోమ్ గాని, ఎడ్జ్ గాని, మీరు వాడే బ్రౌజర్‌ను ఎంచుకుని 'ఎండ్ టాస్క్' నొక్కండి. అదీ కుదరకపోతే పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుని కంప్యూటర్‌ను ఆపేయండి. "కంప్యూటర్ ఆపితే మీ డేటా మొత్తం పోతుంది" అని తెర మీద రాసి ఉంటుంది. అది అబద్ధం. సేవ్ చేయని ఫైలు ఏదైనా ఉంటే అది పోవచ్చు, అంతకు మించి ఏమీ కాదు.

మళ్లీ బ్రౌజర్ తెరవగానే పాత పేజీలను తిరిగి తెరవమంటారా అని అడుగుతుంది. 'రిస్టోర్' నొక్కారంటే సైరన్ మళ్లీ మొదలవుతుంది. వద్దనండి.

అది ఉత్త వెబ్ పేజీయా, కంప్యూటర్‌లో చేరిన ప్రోగ్రామా? తేడా ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, ఏ బ్రౌజర్‌నూ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. హెచ్చరికలేవీ రాకపోతే మీరు చూసింది వెబ్ పేజీ మాత్రమే. మీరు ఏమీ డౌన్‌లోడ్ చేయకపోతే, ఎవరికీ ఫోన్ చేయకపోతే మీ కంప్యూటర్‌కు ఏమీ కాలేదనే అనుకోవచ్చు. నా దగ్గరకు భయంతో పరుగెత్తుకొచ్చినవారిలో చాలామంది పరిస్థితి ఇదే.

మామూలు వెబ్ పేజీ మీరు అనుమతించకుండా మీ సి డ్రైవ్‌లోకి తొంగి చూడలేదు. ఫోల్డర్లు ఒక్కొక్కటిగా మెరుస్తూ, పచ్చగీత పాకుతూ, "47 వైరస్‌లు దొరికాయి" అని చూపించేదంతా ముందే తయారు చేసి పెట్టుకున్న బొమ్మ. అదే పేజీని సి డ్రైవ్ అనేదే లేని మ్యాక్‌లో తెరిచినా సి డ్రైవ్‌లో వైరస్ ఉందనే చెప్పేది.

బ్రౌజర్ తెరవకముందే డెస్క్‌టాప్ మీద కొత్త ఐకాన్ కనిపించినా, గడియారం పక్కన తెలియని డాలు గుర్తు వచ్చినా, స్కాన్ దానంతట అదే మొదలైనా అది లోపల చేరినట్టే. అప్పుడు తొలగింపు జవాబుకు వెళ్లండి.

తెర కుడివైపు కింది మూల నుంచి "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అని పదేపదే వస్తోంది. అసలు ఆ యాంటీవైరస్ మేము ఎప్పుడూ వేయించనే లేదు.

అవి బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఏదో సైటులో "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని ఉంటే ఎవరో నొక్కి ఉంటారు. ఆ సందేశంలోనే సన్నటి అక్షరాలతో సైటు పేరు, క్రోమ్ లేదా ఎడ్జ్ పేరు కనిపిస్తాయి, చూడండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసలో వెళ్లి, అనుమతి పొందిన సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసేయండి. ఎడ్జ్‌లోనూ సైట్ పర్మిషన్స్ కింద ఇలాంటిదే ఉంటుంది. రెండు నిమిషాల పని. ఈ కాస్త పనికి కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించుకున్నవారిని చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

నకిలీ యాంటీవైరస్ చేసే పని ఏమిటి? ఇదంతా ఎవరు చేస్తారు?

లేని వైరస్‌ను ఉందని చూపించడం, దాన్ని తీయడానికి డబ్బు అడగడం. కొన్ని అంతటితో ఆగుతాయి. కొన్ని నిజమైన యాంటీవైరస్‌ను ఆపేస్తాయి, వేరే మాల్‌వేర్‌ను, అంటే హాని చేసే ప్రోగ్రాములను కూడా వెంట తెస్తాయి.

ఇది ఏ కుర్రాళ్లో సరదాకు చేసే పని అనుకుంటే పొరపాటు. జీతాలు, కాల్ సెంటర్లు, ప్రకటనల విభాగాలు ఉన్న వ్యాపారం ఇది. 2000ల మధ్యలో విన్‌ఫిక్సర్ అనేది ఊపేసింది. ఆ తర్వాత యాంటీవైరస్ 2009 వంటి పేర్లు వచ్చాయి. 2008 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ అయిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద కోర్టుకు వెళ్లింది. విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ వాళ్లవేనని, పది లక్షల మందికి పైగా వాటిని కొని మోసపోయారని ఆ ఫిర్యాదు. పేరున్న సంస్థల తరఫున ప్రకటనలు ఇస్తున్నామని చెప్పి మంచి సైట్లలో చోటు సంపాదించి, వాటి మీదుగా జనాన్ని నకిలీ స్కాన్ పేజీలకు మళ్లించారు. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. "నేను చెడ్డ సైట్లు చూడను, నాకెలా వచ్చింది?" అని అడిగేవారికి ఈ కథే నా జవాబు.

పేరున్న దుకాణాలు కూడా ఈ మాయకు అతీతం కావు. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో ఉచితంగా కంప్యూటర్ ఆరోగ్య పరీక్ష చేసేవారు. మొదట నాలుగు ప్రశ్నలు అడిగేవారు, మీ కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందా వంటివి. వాటిలో ఒక్కదానికి అవునన్నా చాలు, స్కాన్‌లో ఏం దొరికిందన్న దానితో సంబంధం లేకుండా మాల్‌వేర్ లక్షణాలు ఉన్నాయని తెర మీద వచ్చేది. 2019లో ఆ సంస్థ, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకున్నాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే 'రిపేరు' సాఫ్ట్‌వేర్ల సంస్థలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లు కట్టాయి.

మన దేశం వైపు కూడా చూసుకోవాలి. నకిలీ హెచ్చరికలోని నంబరుకు ఫోన్ చేసిన విదేశీయులతో మాట్లాడే కాల్ సెంటర్లు కొన్ని ఇక్కడే నడిచాయి. 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. అందులో మైక్రోసాఫ్ట్, అమెజాన్‌ల ఫిర్యాదుల మీద నమోదైన కేసులు కూడా ఉన్నాయి. ఉద్యోగం అనుకుని అలాంటి చోట చేరిన పిల్లలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఇవాళే మానేయమని చెప్పండి.

అసలుదో నకిలీదో గుర్తుపట్టే తేలిక మార్గం ఉందా?

స్టార్ట్ దగ్గర 'విండోస్ సెక్యూరిటీ' అని టైపు చేసి తెరవండి. దాని సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' అని ఉంటుంది. మీ కంప్యూటర్‌లో గుర్తింపు ఉన్న యాంటీవైరస్ ఏదో అక్కడ కనిపిస్తుంది. తెర మీద అరుస్తున్న పేరు అక్కడ లేకపోతే అనుమానించాల్సిందే.

ఇంకో మంచి పరీక్ష ఐకార్ ఫైలు. యాంటీవైరస్‌లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికే తయారు చేసిన 68 అక్షరాల హానిలేని ఫైలు అది. ఐకార్ సంస్థ సైటులోనే దొరుకుతుంది. అసలు యాంటీవైరస్ దాన్ని డౌన్‌లోడ్ అవుతుండగానే పట్టుకుంటుంది. సాధారణ టెక్స్ట్ ఫైళ్లలో కూడా వందల వైరస్‌లు చూపించిన నకిలీది దీన్ని గమనించకపోవడం నేను కళ్లారా చూశాను.

ఇక ప్రవర్తన. ఒక నిమిషంలో డిస్కంతా వెతికేశానంటుంది. దొరికినవి చూపించడం ఉచితం, తీయడానికి మాత్రం డబ్బు అంటుంది. మూసినా మళ్లీ తెరుచుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఫోన్ నంబరు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు.

మేము డబ్బు పెట్టి కొన్న అసలు యాంటీవైరస్ కూడా రెన్యూవల్ అంటూ భయపెడుతోంది. అదీ నకిలీదేనా?

కాదు. అయితే ఆ విసుగు న్యాయమైనదే. అసలు కంపెనీలు కూడా ఎర్ర అక్షరాలతో తొందరపెట్టడం వల్లే జనం నకిలీ ఎర్ర అక్షరాలను నమ్మడానికి అలవాటుపడ్డారని నా అభిప్రాయం. రెన్యూ చేయాలనుకుంటే తెర మీది లింకు నుంచి వద్దు. కంపెనీ సైటు పేరు మీరే టైపు చేసి వెళ్లండి. ఒకవేళ రెన్యూ చేయకపోయినా కొంప మునగదు. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ విండోస్‌లోనే భాగంగా ఉంది. వేరేది తీసేయగానే సాధారణంగా అదే పనిలోకి వస్తుంది. ఇంటి వాడకానికి అది చాలు.

సరే, లోపల చేరింది. ఎలా తొలగించాలి?

ఓ గంట తీరిక చూసుకుని కూర్చోండి. దొరికిన 'రిమూవల్ టూల్' అల్లా వెతికి డౌన్‌లోడ్ చేయవద్దు. నకిలీ యాంటీవైరస్‌ల పేర్లు వెతికేవారి కోసం నకిలీ తొలగింపు సాధనాలు కూడా కాచుకుని ఉంటాయి.

మొదట వైఫై ఆపండి. ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు ఒక హార్డ్‌డిస్కులోకి తీసుకుని, దాన్ని విప్పి పక్కన పెట్టండి. ఫొటోలు, పత్రాలే. సెటప్ ఫైళ్లు, ప్రోగ్రాములు వద్దు.

తర్వాత సేఫ్ మోడ్. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలి తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరుసగా ఎంచుకుంటే ఒక జాబితా వస్తుంది. అక్కడ 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్ ఉన్న సేఫ్ మోడ్. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ దశలో 48 అంకెల బిట్‌లాకర్ కీ, అంటే డిస్కుకు విండోస్ వేసిన తాళం తీసే కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. మొదలుపెట్టే ముందే ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి కీ చూసి కాగితం మీద రాసుకోండి. లేకపోతే మధ్యలో చిక్కుకుపోతారు.

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు అవసరమైన వాటినే నడుపుతుంది కాబట్టి నకిలీది చాలావరకు నిద్రపోతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ వరుసలో పెట్టండి. గొడవ మొదలైన రోజున వచ్చినవన్నీ చూడండి. నకిలీ యాంటీవైరస్ ఒంటరిగా రాదు, తోడుగా ఏదో 'డ్రైవర్ అప్‌డేటర్', 'పీసీ క్లీనర్' కూడా దిగి ఉంటుంది. అన్నిటినీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని సేఫ్ మోడ్‌లో పోవు, వాటిని మామూలు మోడ్‌లోకి వచ్చాక తీయండి. తీసేటప్పుడు "నిజంగా వెళ్లిపోతారా, సగం ధరకే ఇస్తాం" అంటూ బతిమాలుతుంది. చదవకండి.

ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి. అర్థంలేని అక్షరాల పేరుతో ఉన్నదాని మీద కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' ఎంచుకోండి. ఆ ఫైలు యాప్‌డేటా, టెంప్, ప్రోగ్రామ్‌డేటా వంటి ఫోల్డర్లలో ఉండి, తయారీదారు పేరు లేకపోతే దాన్ని డిసేబుల్ చేయండి. మంచి ప్రోగ్రాములు కూడా కొన్ని యాప్‌డేటాలో ఉంటాయి కాబట్టి అప్పుడే డిలీట్ చేయవద్దు, ఆ పని స్కానర్‌కు వదిలేయండి.

మామూలు మోడ్‌లోకి తిరిగి వచ్చి ఇంటర్నెట్ కలపండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ పైకి రాకముందే, అంటే దాక్కున్నవి మేలుకోకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఇంటి పనికి ఇంతకు మించిన ఆయుధం లేదని నా నమ్మకం. చాలామందికి ఇది తమ కంప్యూటర్‌లోనే ఉందని తెలియదు.

రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం, ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్‌లలో ఒకటి నడపండి. ఒకటి చాలు. సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసిన పది రోజులకు గడువు తీరిపోతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవాలి. చివరిగా బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) తీసేసి, రీసెట్ సెట్టింగ్స్ నొక్కండి.

టాస్క్ మేనేజరే తెరుచుకోవడం లేదు. ఏ ప్రోగ్రాము నొక్కినా "ఇది వైరస్" అని ఆపేస్తోంది.

మొండి రకం దొరికింది. సేఫ్ మోడ్‌లోనూ ఇలాగే ఉంటే, విండోస్‌లో కొత్తగా మరో యూజర్ ఖాతా సృష్టించి అందులోంచి స్కాన్ చేయండి. చాలా నకిలీలు ఒక్క యూజర్ ఫోల్డర్‌లోనే పాగా వేస్తాయి. బ్లీపింగ్ కంప్యూటర్ సైటులో ఆర్‌కిల్ అనే చిన్న సాధనం ఉంది. అది దేన్నీ తొలగించదు, నడుస్తున్న చెడ్డ ప్రోగ్రాములను ఆపుతుంది అంతే. ఆపాక రీస్టార్ట్ చేయకుండా వెంటనే స్కాన్ మొదలుపెట్టాలి, లేకపోతే అవి మళ్లీ లేస్తాయి.

తొలగించాను గాని ఇప్పుడు ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు.

పోతూ పోతూ ప్రాక్సీ సెట్టింగ్, అంటే ఇంటర్నెట్‌ను వేరే దారి గుండా మళ్లించే సెట్టింగ్ వదిలి ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ తెరిచి 'యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్' ఆపేయండి. అక్కడ 127.0.0.1 అని కనిపిస్తే దాదాపు అదే కారణం. మామూలు సైట్లు వస్తూ యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రమే రాకపోతే హోస్ట్స్ ఫైలు చూడాలి, ఏ సైటు పేరు ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పే ఫైలు అది. విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లలో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, హ్యాష్ గుర్తుతో మొదలుకాని వరుసల్లో యాంటీవైరస్ సైట్ల పేర్లు ఉంటే తీసేయండి.

ఫొటోలు, ఫైళ్లు అన్నీ మాయమయ్యాయి!

కంగారు పడకండి. హార్డ్‌డిస్క్ చెడిపోయిందని నమ్మించడానికి ఫైళ్లన్నిటినీ కనబడకుండా దాచే రకాలు 2011 ప్రాంతంలో బాగా తిరిగాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ నొక్కి చూడండి. పాత కంప్యూటర్ అయితే టెంప్ ఫైళ్లు తుడిచే క్లీనర్‌ను మాత్రం నడపవద్దు. ఆ రకాలు స్టార్ట్ మెనూ షార్ట్‌కట్లను తీసుకెళ్లి టెంప్ ఫోల్డర్‌లోనే పెట్టేవి. తుడిస్తే అవీ పోతాయి.

ఫైళ్లు కనిపిస్తూనే తెరుచుకోకుండా, వాటి పేర్ల చివర కొత్త అక్షరాలు చేరి ఉంటే అది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం. ఈ జవాబులు దానికి పనికిరావు. కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీసి నిపుణుడికి చూపించండి.

ఒకటి పట్టుకోలేనిది రెండు యాంటీవైరస్‌లు పెడితే పట్టుకోవా?

రెండూ ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ను నత్తలా మార్చేస్తాయి. కాపలాకు ఒక్కటే ఉండాలి.

కార్డుతో డబ్బు కట్టేశాను. తిరిగి వస్తుందా?

వచ్చే అవకాశం ఉంది, అది మీరు ఎంత త్వరగా కదులుతారన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ పేజీ తర్వాత చదవవచ్చు. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి, లావాదేవీపై అభ్యంతరం నమోదు చేయించండి. ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు. డబ్బు చేతులు మారే లోపు ఆపించడమే దాని లక్ష్యం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేసి, నంబరు రాసి పెట్టుకోండి. హెచ్చరిక తెర ఫొటో, రసీదు, వచ్చిన ఈమెయిలు ఏదీ తుడిచేయవద్దు.

రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ అజాగ్రత్త వల్ల, అంటే వివరాలు మీరే చెప్పడం వల్ల జరిగిన నష్టాన్ని బ్యాంకుకు తెలియజేసేదాకా మీరే భరించాలి. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. అందుకే ఒక్క గంట కూడా విలువైనది.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. ఆ డబ్బు ఒక్కసారితో ఆగకపోవచ్చు, ఏటా లేదా నెలనెలా కోసుకునేలా పెట్టి ఉంటారు. బ్యాంకు యాప్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి రద్దు చేయండి.

తెర మీది నంబరుకు ఫోన్ చేశాం. వాళ్లు ఎనీడెస్క్ వేయించి కంప్యూటర్‌ను వాళ్ల చేతిలోకి తీసుకున్నారు.

వైఫై ఆపేయండి. ఇప్పుడు మీ కంప్యూటర్ వాళ్ల చూపులో ఉందనుకునే నడుచుకోవాలి. పాస్‌వర్డ్‌లు మార్చడం వేరే ఫోన్ నుంచే జరగాలి. ముందు ఈమెయిలు, తర్వాత బ్యాంకు. ఎందుకంటే ఈమెయిలు చేతిలో ఉంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు దాని ద్వారానే మార్చుకోవచ్చు. ఈమెయిలులో ఫార్వర్డింగ్ చిరునామా, రికవరీ నంబరు మారాయేమో కూడా చూడండి.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ మంచి సాధనాలే, దుర్వినియోగం చేసేవారిదే తప్పు. కానీ మాటల్లో పెట్టి, మీకు కనిపించకుండా స్క్రీన్‌కనెక్ట్, అల్ట్రావ్యూయర్ వంటి రెండోదాన్ని కూడా వేస్తారు. ఒకటి తీసేసి ఊరుకోవద్దు. ఈ సందర్భంలో మాత్రం విండోస్‌ను మళ్లీ వేయించడమే నా సలహా.

వాళ్లు చూపించే 'ఆధారాలు' కూడా తెలుసుకోండి. విండోస్ తన సంఘటనలు నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లంటారు. ఏ ఆరోగ్యవంతమైన కంప్యూటర్‌లో చూసినా ఆ గుర్తులుంటాయి. డబ్బు వాపసు ఇస్తామని బ్యాంకు పేజీ తెరిపించి, పొరపాటున ఎక్కువ వేశాం, మిగతాది తిరిగి పంపండి అని ఏడుస్తారు. పేజీలో కనిపించే అంకెను బ్రౌజర్‌లోనే మార్చడం ఎవరికైనా క్షణాల పని. ఖాతాలో ఒక్క రూపాయీ పడి ఉండదు.

మేము ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. ఎలా వచ్చింది మరి?

సినిమాల సైటులో పెద్ద పచ్చటి 'డౌన్‌లోడ్' బటన్, ఉచితంగా దొరికిన ఖరీదైన సాఫ్ట్‌వేర్, కీ లేకుండా విండోస్‌ను నడిపించే 'యాక్టివేటర్', బిల్లు పేరుతో వచ్చిన జిప్ ఫైలు. ఎక్కువగా ఈ నాలుగు దారులే. యాక్టివేటర్లు పనిచేయడానికి డిఫెండర్‌ను ఆపమంటాయి. కాపలాదారుణ్ని పంపేసి తలుపు తెరిచినట్టే.

2024 నుంచి ఇంకో ఎత్తు బాగా పెరిగింది. రోబో కాదని నిరూపించుకోవాలంటే విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, తర్వాత కంట్రోల్, వి నొక్కి, ఎంటర్ కొట్టమంటుంది ఒక పేజీ. ఆ మూడు పనులూ చేస్తే మాల్‌వేర్‌ను తెచ్చే ఆదేశాన్ని మన చేత్తో మనమే నడిపించినట్టు. ఏ నిజమైన సైటూ అలా అడగదు.

మ్యాక్‌లకు ఇవి రావు కదా?

వస్తాయి. 2011 మేలో మ్యాక్ డిఫెండర్ అనే నకిలీది ఎంతగా వ్యాపించిందంటే ఆపిల్ ఆ నెలాఖరున దాన్ని తొలగించడానికే ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చింది.

మాది విండోస్ 7. ఇంకొకటి విండోస్ 10.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది. దానిలో బ్యాంకు పనులు చేయవద్దు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే ఇళ్లవారికి 2026 అక్టోబరు 13 వరకు కొనసాగుతాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చేరే లింకు కనిపిస్తుంది.

దుకాణంలో ఇస్తే ఫార్మాట్ తప్పదన్నారు. నిజమేనా?

చాలాసార్లు అవసరం ఉండదు. ఫార్మాట్ చేయడం వాళ్లకు తేలిక, ఫొటోలు పోయేది మీకు. ఎవరైనా కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపారని అనుమానం ఉంటేనో, రెండు స్కాన్లు చేసినా మళ్లీ మొలుస్తుంటేనో అప్పుడు తప్పదు. అలాంటప్పుడు కూడా సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ' ఉంది. అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని ఇంట్లోనే చేసుకోవచ్చు, ఫొటోలు ముందే బయటకు తీసుకుంటే. దుకాణానికే ఇస్తే మీ ఎదుటే బ్యాకప్ తీయమనండి, యాక్టివేటర్ వేయవద్దని స్పష్టంగా చెప్పండి.

మేము అమెరికాలో ఉన్నాం, అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారు. దూరం నుంచి ఏం చేయగలం?

ఈసారి వచ్చినప్పుడు రెండు గంటలు కేటాయించండి. వాళ్లు రోజూ వాడే ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా మార్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ వేరుగా పెట్టండి. కొత్త ప్రోగ్రాము వేయాలంటే అది అడుగుతుంది, అప్పుడు వాళ్లు మీకు ఫోన్ చేస్తారు. బ్రౌజర్ నోటిఫికేషన్లు మొత్తంగా ఆపేయండి. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద అనవసర యాప్‌లను అడ్డుకునే సదుపాయాన్ని ఆన్ చేయండి. ఎడ్జ్‌లో 2025లో వచ్చిన స్కేర్‌వేర్ బ్లాకర్ కూడా ఆన్ చేయండి, తెర నిండా వచ్చే నకిలీ హెచ్చరికలను అది ఆపుతుంది. పవర్ బటన్ పక్కన ఒక చీటీ అంటించండి: "సైరన్ మోగితే ఇది పది సెకన్లు నొక్కాలి. తర్వాత అబ్బాయికి ఫోన్."

అక్కడ మీతో ఉంటున్న పెద్దవాళ్లకూ ఇదే చెప్పండి. యాంటీవైరస్ రెన్యూ అయింది, వందల డాలర్లు కట్ అయ్యాయి అంటూ బిల్లులా వచ్చే ఈమెయిళ్లు అమెరికాలో ఎక్కువ. అందులోని నంబరుకు ఫోన్ చేయకుండా కార్డు స్టేట్‌మెంట్ చూడమనండి.

నాన్నగారు డబ్బు కట్టి నెల రోజులు మాకు చెప్పలేదు. ఏమనాలి?

ఏమీ అనవద్దు. రిటైరైన ఉపాధ్యాయుడొకరు ఓసారి నా దగ్గరకు వచ్చి కంప్యూటర్ నెమ్మదిగా ఉందన్నారు, అంతే. స్టార్టప్ జాబితాలో ఆ నకిలీ పేరు చూసి "మాస్టారూ, కార్డు నంబరు ఇచ్చారా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అబ్బాయికి చెప్పకండి" అన్నారు. అప్పటికి రెండుసార్లు డబ్బు పోయింది. మొదటిసారే ఇంట్లో చెప్పగలిగి ఉంటే రెండోది ఆగేది. చదువు చెప్పి వందలమందిని పెద్దచేసిన మనిషి కొడుకు మాటకు భయపడి ఊరుకున్నారు. ఆ మోసగాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ సిగ్గే.

కాబట్టి ఎందుకు కట్టారని అడగకండి. ఏ రోజు, ఎంత, ఏ కార్డు అన్న మూడు ప్రశ్నలే అడగండి. నెల దాటినా ఫిర్యాదు తీసుకుంటారు. ఆ నెలలో మళ్లీ ఏమైనా పోయిందేమో ఆయన పక్కన కూర్చుని స్టేట్‌మెంట్ చూడండి. 1930కి ఫోన్ ఆయన చేతే చేయించండి, మీరు పక్కనే ఉండండి.